కోటగోడకు రక్షణ సరే.. గండికి ఏదీ?

పెన్న నుంచి పాపఘ్ని దాకా ఆరుబయలు చరిత్ర.. కట్టడాలతో పాటు పరిసరాలనూ కాపాడాల్సిన తరుణం

జమ్మలమడుగు: గండికోటకు నిధుల కొరత కొంతవరకు తీరింది. రాష్ట్రాలకు ఇచ్చే ప్రత్యేక మూలధన సాయం కింద కేంద్ర ప్రభుత్వం 2024 నవంబరులో గండికోట పర్యాటకాభివృద్ధికి రూ.77.91 కోట్లు మంజూరు చేసింది. 2025 ఆగస్టు 1న ముఖ్యమంత్రి నారా చంద్రబాబునాయుడు కోటను సందర్శించి పనులకు శంకుస్థాపన చేశారు. అంతకుముందు 2023 జులైలో అప్పటి ముఖ్యమంత్రి వై.ఎస్.జగన్‌మోహన్‌రెడ్డి ఇక్కడే ఒబెరాయ్ సంస్థ హోటల్‌కు శంకుస్థాపన చేశారు. రెండు ప్రభుత్వాల కాలంలోనూ గండికోటపై దృష్టి పడింది. ఇది హర్షించదగిన పరిణామమే. అయితే ఈ దశలోనే తేల్చుకోవలసిన విషయం ఒకటి ఉంది. ఇక్కడ కాపాడవలసినది కోటగోడ, గోపురం, మసీదు మాత్రమేనా? వాటికి ఆ చోటును చూపిన పెన్నానది లోయ, ఎర్రమల కొండలు, చెరువు, కోటలోనే కాపురం ఉంటున్న గ్రామం కూడానా?

ఈ ప్రశ్న ఒక్క గండికోటది కాదు. జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, పులివెందుల ప్రాంతాలలో ఉన్న పురాతన స్థలాలలో చాలావరకు నాలుగు గోడల మధ్య లేవు. నది ఒడ్డున, కొండచరియ కింద, పొలం గట్టున, ఊరి నడుమ ఎండకు వానకు ఓర్చి నిలిచి ఉన్నాయి. వాటి చుట్టూ ఉన్న నేల మారితే రాయి మిగిలినా చరిత్ర మిగలదు.

'సాంస్కృతిక భూదృశ్యం' అంటే..

ప్రకృతి, మానవుడు కలిసి శతాబ్దాలుగా తీర్చిన ప్రదేశాన్ని సాంస్కృతిక భూదృశ్యం అంటారు. ప్రపంచ వారసత్వ జాబితాకు సంబంధించి యునెస్కో 1992లో దీనిని ప్రత్యేక వర్గంగా గుర్తించింది. మూడు రకాలను పేర్కొంది. ఉద్యానవనాల వలె బుద్ధిపూర్వకంగా రూపొందించినవి మొదటి రకం. సాగు, నివాసం, వృత్తుల వల్ల కాలక్రమంలో ఏర్పడినవి రెండవ రకం. కొండ, నది, చెట్టు వంటి ప్రకృతి రూపాలకు భక్తివిశ్వాసాలు ముడిపడినవి మూడవ రకం.

పేరు కొత్తదైనా భావన ఈ జిల్లాకు కొత్త కాదు. పందొమ్మిదవ శతాబ్ది తొలి సంవత్సరాలలో కల్నల్ కాలిన్ మెకంజీ సేకరింపజేసిన కైఫియత్తులలో గ్రామం పుట్టుక, పాలకులు, చెరువులు, దేవాలయాలు, మాన్యాలు, ఎల్లలు, స్థానిక కథలు ఒకేచోట కనిపిస్తాయి. గుడిని ఊరి నుంచి, ఊరిని నీటి నుంచి విడదీయకుండా నమోదు చేసిన పత్రాలవి. కడపలోని సి.పి.బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం ఈ జిల్లా కైఫియత్తులను పుస్తకాలుగా వెలువరించింది. రెండు వందల ఏళ్ల కిందట ఏ ఊరిలో ఏముండేదో తెలుసుకోవడానికి ఇంతకు మించిన ఆధారం మరొకటి దొరకదు.

పెన్న గండి.. గండికోట

జమ్మలమడుగుకు సుమారు 15 కిలోమీటర్ల దూరంలో ఎర్రమల కొండలను చీల్చుకొని పెన్నానది ప్రవహిస్తుంది. నది చేసిన ఆ గండి వల్లనే కోటకు ఆ పేరు వచ్చింది. ఒక వైపు నిలువునా దిగిన లోయే ప్రాకారమైంది. మిగిలిన వైపుల ఎర్రని రాతితో గోడలు, బురుజులు కట్టారు. కోట కట్టిన రాయి, లోయ గోడలోని రాయి ఆ కొండలదే. భూగర్భ శాస్త్రవేత్తలు ఆ శిలాశ్రేణికి 'గండికోట క్వార్ట్‌జైట్' అనే పేరు పెట్టారు.

విజయనగర కాలంలో పెమ్మసాని నాయకుల ఏలుబడిలో కోట ప్రాభవం పొందింది. 1650లో గోల్కొండ సేనాని మీర్ జుమ్లా దీనిని వశపరచుకున్నాడు. 1652లో ఫ్రెంచి వర్తకుడు టావెర్నియర్ అతనిని కలుసుకొనేందుకు ఇక్కడికి వచ్చి, కోటకు చేరే ఇరుకైన కొండదారిని గురించి, ఇక్కడ జరుగుతున్న ఫిరంగుల పోతను గురించి రాశాడు. మాధవరాయ ఆలయం, రంగనాథ ఆలయం, జామా మసీదు, ధాన్యాగారం, బందీఖానా, పావురాల గోపురం, కత్తుల కోనేరు, రాయల చెరువు నేటికీ చూడవచ్చు. కోట కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉంది.

వీటిని విడివిడిగా చూస్తే శిథిలాలు. కలిపి చూస్తే ఒక పట్టణం పనిచేసిన తీరు తెలుస్తుంది. కొండ మీద పడిన వాన చెరువుకు చేరాలి. చెరువు ఉంటేనే ముట్టడి కాలంలో కోట నిలుస్తుంది. ధాన్యాగారం నిండాలంటే కింద పల్లెల్లో పంట పండాలి. చెరువుకు నీరు తెచ్చే వాగుల దారిలో వాహనాల నిలుపుదల స్థలమో, విడిది గృహాలో వెలిస్తే గోడకు ఒక్క రాయి కదలకపోయినా కోట అర్థం చెడిపోతుంది.

లోయ రూపం ఇప్పటికే కొంత మారింది. కోటకు ఎగువన గాలేరు-నగరి సుజల స్రవంతిలో భాగంగా 26.85 టీఎంసీల సామర్థ్యంతో గండికోట జలాశయం, దిగువన మైలవరం జలాశయం ఉన్నాయి. కరవు సీమకు ఆ నీరు ప్రాణావసరం. దానికోసం కొండాపురం మండలంలో పలు గ్రామాలు ఖాళీ అయ్యాయి. 2020లో నీటిమట్టం పెంచినప్పుడు తాళ్లప్రొద్దుటూరు ముంపునకు గురైంది. ఆ ఊళ్ల గుళ్లు, రచ్చబండలు, శ్మశానాలు, గ్రామదేవతల స్థానాలు కూడా ఈ లోయ చరిత్రలో భాగమే. పునరావాస కాలనీలలో ఉన్న పెద్దల జ్ఞాపకాలను ఇప్పుడు నమోదు చేయకపోతే తరువాత చెప్పేవారుండరు.

మైలవరం మండలంలో 1000 మెగావాట్ల సౌరవిద్యుత్ పార్కు వచ్చింది. గండికోట వద్ద 1000 మెగావాట్ల పంప్డ్ స్టోరేజీ ప్రాజెక్టుకు 2022లో రాష్ట్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. ఒక్కొక్క పథకానికీ దాని అవసరం దానికుంది. ఇవన్నీ కలిసి ఒకే లోయపై చూపే ప్రభావాన్ని మాత్రం ఒకచోట కూర్చొని లెక్క వేయాలి.

ఇసుకలో దానవులపాడు.. దిబ్బలో పెద్దముడియం

జమ్మలమడుగు సమీపాన పెన్న ఒడ్డునే దానవులపాడు జైనక్షేత్రం ఉంది. ఇసుకలో కూరుకుపోయిన ఆలయాన్ని 1903లో అలెగ్జాండర్ రే తవ్వకాలలో వెలికితీశారు. రాష్ట్రకూటుల నాటి శాసనాలు ఇక్కడ లభించాయి. శాంతినాథుని అభిషేకం కోసం నిత్యవర్ష బిరుదుగల మూడవ ఇంద్రుడు చేయించిన పీఠం, సేనాని శ్రీవిజయుని స్మారక స్తంభం వాటిలో ముఖ్యమైనవి. అంటే పదవ శతాబ్దిలో ఈ ఏటి ఒడ్డు కర్ణాటక రాజుల దృష్టిలో ఉన్న జైన పుణ్యస్థలం. ఇక్కడి శిల్పాలు కొన్ని తరువాత చెన్నై మ్యూజియానికి తరలాయి. కడపలోని భగవాన్ మహావీర్ ప్రభుత్వ మ్యూజియంలో జిల్లాలో దొరికిన జైన శిల్పాలను చూడవచ్చు.

ఈ స్థలానికి శత్రువు, మిత్రుడు కూడా పెన్నే. వరదతో ఇసుక మేట వేసి కప్పేసినదీ, ఆ ఇసుకతోనే శతాబ్దాల పాటు దాచి ఉంచినదీ ఆ నదే. కనుక ఆలయం చుట్టూ కంచె వేసినంత మాత్రాన రక్షణ పూర్తి కాదు. ఆ పక్క ఏటిలో ఇసుక ఎంత లోతున తీస్తున్నారు, ఒడ్డు ఎటు కోతకు గురవుతోంది అన్నవి కూడా పురావస్తు రక్షణలో భాగంగానే చూడాలి.

కుందూ పరీవాహకంలోని పెద్దముడియం పరిస్థితి మరొక రకం. తూర్పు చాళుక్యుల శాసనాలు తమ వంశ పుట్టుకను గురించి చెప్పే కథలోని ముడివేము అగ్రహారం ఇదేనని చరిత్రకారులు గుర్తించారు. ఇక్కడి దిబ్బ రక్షిత పురాతన స్థలం. పైకి మట్టిగుట్టగా కనిపించే ఇలాంటి దిబ్బలకు పల్లెల్లో విలువ తక్కువ. పాటిమన్ను సారవంతమని తవ్వి పొలాలకు తోలడం తెలుగునాట పాత అలవాటు. బండి మట్టితో పాటు పెంకులు, పూసలు, నాణేలు చెదిరిపోతాయి. వస్తువు దొరికినా అది ఏ పొరలో దొరికిందో తెలియకపోతే కాలం చెప్పడం కష్టం.

తెలుగు అక్షరానికి పుట్టిల్లు

యర్రగుంట్ల మండలం కలమల్ల పేరు తెలుగు భాషాచరిత్రలో మొదటి పుటలో ఉంటుంది. రేనాటి చోళుడు ఎరికల్ ముత్తురాజు ధనంజయుని శాసనం ఇక్కడిదే. క్రీ.శ. 575 ప్రాంతానికి చెందిన ఈ శాసనాన్ని తెలుగులో లభించిన తొలి శాసనంగా పండితులు పేర్కొంటారు. 2008లో తెలుగుకు ప్రాచీన హోదా లభించిన సందర్భంలోనూ కలమల్ల పేరు మారుమోగింది. రేనాడు అంటే నేటి జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, కమలాపురం, పులివెందుల ప్రాంతాలు కలిసిన సీమ. ఇదే మండలంలోని చిలమకూరును రేనాటి చోళుల రాజధాని చిరుంబూరుగా గుర్తించారు.

ఇప్పుడు కలమల్ల పక్కనే రాయలసీమ తాప విద్యుత్ కేంద్రం పొగగొట్టాలు కనిపిస్తాయి. 1994 నుంచి ఇక్కడ విద్యుదుత్పత్తి జరుగుతోంది. యర్రగుంట్ల, చిలమకూరు చుట్టూ సిమెంటు కర్మాగారాలు, సున్నపురాతి గనులు ఉన్నాయి. వేలమందికి ఉపాధి వీటితోనే. కడప బండగా దేశమంతటా పేరొందిన నాపరాయి కూడా ఈ సీమ సంపదే. ఈ ప్రాంతపు ఇళ్లు, అరుగులు, గుడి మెట్లు ఆ రాతితో కట్టినవే. అయితే శాసనాలు, వీరగల్లులు, సమాధి రాళ్లు ఉండే చోట్లు కూడా ఆ రాతినేలలోనే ఉన్నాయి. గని లీజు ఇచ్చే ముందు రెవెన్యూ పటంలో పురాతన స్థలం గుర్తింపబడి ఉంటేనే అది మిగులుతుంది. గుర్తింపు లేని రాయి కంకర మిల్లుకు చేరితే అడిగేవారుండరు.

ముద్దనూరు మండలం చింతకుంట కొండచరియలలో ఆదిమానవులు గీసిన చిత్రాలు ఉన్నాయి. ఎరుపు, తెలుపు రంగులలో జంతువులు, మనుషుల రూపాలు కనిపిస్తాయి. తలుపు, తాళం లేని చిత్రశాల ఇది. ఫొటో బాగా రావాలని బొమ్మపై నీళ్లు చల్లినా, బొగ్గుతో పేర్లు రాసినా, కింద పొయ్యి పెట్టినా వేల ఏళ్ల రంగు చెరిగిపోతుంది.

పాపఘ్ని గండి.. పులివెందుల సీమ

పెన్నకు గండికోట ఉన్నట్లే పాపఘ్నికి గండిక్షేత్రం ఉంది. పులివెందుల నియోజకవర్గం చక్రాయపేట మండలంలో, వేంపల్లెకు సమీపాన కొండలను చీల్చుకొని పాపఘ్ని బయటికి వచ్చే చోట వీరాంజనేయుడు వెలసి ఉన్నాడు. శ్రీరాముడు బాణపు మొనతో రాతిపై ఆంజనేయుని రూపం గీశాడని, వ్యాసరాయలు దానిని తీర్చిదిద్దారని స్థలపురాణం. రెండు కొండల నడుమ వాయుదేవుడు కట్టిన బంగారు తోరణం పుణ్యాత్ములకు మాత్రమే కనిపిస్తుందని, దత్తమండలాల కలెక్టరుగా పనిచేసిన సర్ థామస్ మన్రోకు అది కనిపించిందని ఇక్కడివారు చెప్పుకుంటారు. శ్రావణమాసంలో భక్తులు పెద్దసంఖ్యలో తరలివస్తారు.

ఈ కథలో గుడి ఎంత ముఖ్యమో రెండు కొండలూ అంతే ముఖ్యం. కొండను తొలిచి, ఏటి గర్భాన్ని పూడ్చి గుడిని ఎంత పెద్దదిగా కట్టినా తోరణానికి చోటుండదు. యునెస్కో చెప్పిన మూడవ రకానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ జిల్లాలో లేదు.

భూమి చరిత్రలోనూ ఈ సీమకు స్థానముంది. 1872లో విలియం కింగ్ కడప, కర్నూలు శిలాశ్రేణులపై వెలువరించిన గ్రంథం నాటి నుంచి భూగర్భ శాస్త్రంలో ఈ జిల్లా పేరు నిలిచింది. 'వేంపల్లె', 'పులివెందుల', 'గండికోట' అనే ఊళ్ల పేర్లే శిలాశ్రేణుల పేర్లయ్యాయి. వేంపల్లె శ్రేణి సున్నపు శిలల్లో స్ట్రోమటోలైట్లు కనిపిస్తాయి. సుమారు 190 కోట్ల ఏళ్లకు పూర్వపు సముద్రంలో సూక్ష్మజీవుల పొరలు పేరుకొని రాయిగా మారిన గుర్తులవి. వేముల మండలం తుమ్మలపల్లెలో యురేనియం ఖనిజం లభిస్తున్నదీ ఈ శ్రేణిలోనే. ఒకే రాతిలో ఆదిమ జీవం ఆనవాళ్లు, అణు ఇంధనం రెండూ ఉన్న నేల ఇది.

ప్రొద్దుటూరు పాత్ర

ఈ స్థలాలకు దగ్గరి పెద్ద పట్టణం ప్రొద్దుటూరు. 1915లోనే మునిసిపాలిటీ అయిన ఈ పట్టణం బంగారు, వస్త్ర వ్యాపారాలకు ప్రసిద్ధి. పెన్న ఒడ్డున రామేశ్వరం, పట్టణంలో అగస్త్యేశ్వరాలయం, అమ్మవారిశాల దసరా ఉత్సవాలు దీని సాంస్కృతిక ముఖచిత్రం. సరస్వతీపుత్ర పుట్టపర్తి నారాయణాచార్యులు 'శివతాండవం' రచించినది అగస్త్యేశ్వరాలయంలోనే అని పట్టణవాసులు గర్వంగా చెప్పుకుంటారు. గండికోటకు వచ్చే యాత్రికుడికి వసతి, భోజనం, రవాణా ఇక్కడే కల్పిస్తే కోటలోపల కొత్త కట్టడాల అవసరం తగ్గుతుంది. వ్యాపారం పట్టణానికి దక్కుతుంది, ప్రశాంతత కోటకు మిగులుతుంది.

చట్టం ఎంతవరకు?

1958 నాటి ప్రాచీన కట్టడాల చట్టానికి 2010లో చేసిన సవరణ ప్రకారం కేంద్ర రక్షిత కట్టడం హద్దు నుంచి 100 మీటర్ల వరకు నిషిద్ధ ప్రాంతం. అక్కడ కొత్త నిర్మాణాలు చేయరాదు. దాని తరువాత 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. అక్కడ అనుమతి తప్పనిసరి. రాష్ట్ర పరిధిలోని కట్టడాలకు 1960 నాటి రాష్ట్ర చట్టం ఉంది.

ఈ కొలత గుడికి, గోపురానికి సరిపోతుంది. లోయకు సరిపోదు. కోటగోడపై నిలిచి చూస్తే కనబడే ఆవలి ఒడ్డు ఎన్నో వందల మీటర్ల అవతల ఉంటుంది. అక్కడ ఏ పెద్ద కట్టడం వెలిసినా ఆ చట్టం పరిధికి అందదు. మరోవైపు కోటలోనే నివసించే గ్రామస్థులకు ఇదే చట్టం ఇంటి మరమ్మతుకూ అడ్డుగా తోస్తుంది. నిజానికి 1992 జూన్ 16 నాటికే ఉన్న ఇళ్లకు అనుమతితో మరమ్మతు చేసుకొనే వీలు చట్టంలో ఉంది. ప్రతి రక్షిత కట్టడానికీ పరిసరాలను బట్టి ప్రత్యేక వారసత్వ ఉపనిబంధనలు రూపొందించాలని కూడా సవరణ చెబుతోంది. ఊరి అవసరం, లోయ రూపం రెండింటినీ అందులో చేర్చించుకొనే అవకాశం అక్కడే ఉంది.

హంపీ నేర్పిన పాఠాలు

పొరుగున ఉన్న హంపీ 1986లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. తుంగభద్రపై ఆనెగొంది వద్ద చేపట్టిన వంతెన వంటి నిర్మాణాలు పరిసరాలను చెడగొడుతున్నాయని యునెస్కో 1999లో దానిని ప్రమాదంలో ఉన్న స్థలాల జాబితాలో పెట్టింది. కర్ణాటక ప్రభుత్వం 2002లో హంపీ కోసమే ప్రత్యేక చట్టం చేసి, ప్రాధికార సంస్థను నెలకొల్పింది. నది, పొలాలు, పల్లెలు కలిపి ప్రణాళిక వేశారు. 2006లో హంపీ ఆ జాబితా నుంచి బయటపడింది. అయితే 2011లో హంపీ బజారు మండపాలలో ఏళ్ల తరబడి ఉంటున్న కుటుంబాలను ఖాళీ చేయించిన తీరు తీవ్ర విమర్శలకు గురైంది.

గండికోటకు రెండూ పాఠాలే. ప్రణాళిక లేని నిర్మాణం స్థలాన్ని చెడగొడుతుంది. ప్రజలు లేని ప్రణాళిక ఊరిని చెడగొడుతుంది.

చేయవలసినవి

పెన్న గండి నుంచి పాపఘ్ని గండి వరకు ఉన్న స్థలాలను ఒకే పటంలోకి తేవాలి. కైఫియత్తులు, రెవెన్యూ పటాలు, ఉపగ్రహ చిత్రాలను పోల్చి చెరువులు, వాగులు, పాత బాటలు, దిబ్బలు, శాసనాలు గుర్తించాలి. గనులు, ఇసుక, జలవనరులు, పర్యాటకం, పురావస్తు శాఖలు ఆ పటాన్ని చూసిన తరువాతే అనుమతులు ఇవ్వాలి. యోగివేమన విశ్వవిద్యాలయం, స్థానిక డిగ్రీ కళాశాలల విద్యార్థులను ఈ పనిలో భాగస్వాములను చేయవచ్చు.

గండికోటలో వాహనాల నిలుపుదల, విడిది, దుకాణాలు ప్రాకారానికి వెలుపల ఉండాలి. లోయ అంచున రాతిని తొలిచే నిర్మాణాలు మానుకోవాలి. మార్గదర్శకులుగా, కాపలాదారులుగా కోట గ్రామ యువకులకే తొలి అవకాశం ఇవ్వాలి. కోట వల్ల నాలుగు మెతుకులు దొరికిన ఇల్లు కోటను తానే కాపాడుకుంటుంది. గుప్తనిధుల ముఠాలు రాత్రివేళ గడ్డపార దించితే మొదట తెలిసేది ఊరివారికే, తరువాతే శాఖలకు.

పాఠకులు తెలుసుకోవలసినవి

- రక్షిత కట్టడాన్ని పాడుచేసినా, పేర్లు చెక్కినా రెండేళ్ల వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు.

- 1878 నాటి నిధుల చట్టం ప్రకారం భూమిలో దాగి ఉండి దొరికిన, పది రూపాయలకు మించిన విలువగల వస్తువు ఏదైనా జిల్లా కలెక్టరుకు తెలియజేయాలి. దాచిపెట్టడం నేరం.

- పొలంలో శాసనం, వీరగల్లు, విగ్రహం బయటపడితే కదిలించరాదు. సున్నం, రంగు, నూనె పూయరాదు. ఉన్నచోటే ఫొటో తీసి తహసీల్దారుకు, పురావస్తు శాఖకు తెలపాలి.

- రక్షిత కట్టడం పరిసరాలలో ఇల్లు కట్టదలచినవారు, మరమ్మతు చేయదలచినవారు ముందుగా అనుమతి తీసుకోవాలి.

- వారసత్వ ఉపనిబంధనల ముసాయిదా వెలువడినప్పుడు అభ్యంతరాలు, సూచనలు పంపే హక్కు ప్రజలకు ఉంది. గ్రామసభలో చర్చించి తీర్మానం పంపితే దానికి బలముంటుంది.

కూలిన గోడను తిరిగి కట్టవచ్చు. తొలిచిన కొండను, ఎండిన చెరువును, చెదిరిన ఊరిని తిరిగి తేలేం. రూ.77.91 కోట్ల పనులు సాగుతున్న ఈ కాలంలోనే గండికి కూడా ఒక హద్దు గీయవలసి ఉంది.